జీఐ బిల్లు: ఏ చాప్టర్ ముందు తీయాలి, ఏది దాచుకోవాలి

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికి వచ్చి, మళ్ళీ కాలేజీలో చేరాలనుకునే తెలుగు కుర్రవాళ్ళు ఫోను చేసినప్పుడు మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ చాప్టర్‌లో డబ్బు ఎక్కువ వస్తుంది?" మాజీ సైనికుల చదువుకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని మనం జీఐ బిల్లు అంటాం, ఒక్కో పథకాన్ని చట్టంలోని చాప్టర్ నంబరుతో పిలుస్తాం. 2020లో యూనిఫాం విడిచినప్పుడు నేనూ అదే అడిగాను. ఎక్కువ వచ్చేదాన్ని ఎంచుకుని సంతకం పెట్టాను. పందొమ్మిది నెలల అర్హత ఖర్చయ్యాక తెలిసింది, ఆ నెలలను ముట్టుకోకుండానే అదే చదువు చదివి ఉండవచ్చని. ఆ పందొమ్మిది నెలలు ఇంకొకరికి పోకూడదనే ఇది రాస్తున్నాను.

మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, అంటే మనం వీఏ అని పిలిచేది, చదువు సాయాన్ని నెలల్లో కొలుస్తుంది. ఒక్కో పథకానికి సాధారణంగా 36 నెలలు. ఒకటి కంటే ఎక్కువ పథకాలకు అర్హత ఉంటే సాధారణంగా అన్నీ కలిపి 48 నెలలు. 36 నెలలంటే మూడేళ్ళే కదా అని కంగారు పడనక్కరలేదు. విద్యా సంవత్సరం తొమ్మిది నెలలే కాబట్టి నాలుగేళ్ళ డిగ్రీకి సరిగ్గా సరిపోతాయి. దరఖాస్తు పెట్టాక వీఏ పంపే అర్హత పత్రంలో మీకు ఎన్ని నెలలు, ఎన్ని రోజులు మిగిలాయో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని బ్యాంకు పాసుపుస్తకంలా చూసుకోండి. డాలర్ల లెక్క ఏటా మారుతుంది, కానీ ఖర్చైన నెల సాధారణంగా తిరిగి రాదు.

మనవాళ్ళలో ఇక్కడే పుట్టి పెరిగి సైన్యంలో చేరిన పిల్లలు ఉన్నారు. 2016లో ఆగిపోయిన మావ్నీ పథకం కింద, గ్రీన్ కార్డు లేకుండానే చేరి పౌరసత్వం తెచ్చుకున్న నాలాంటివాళ్ళూ ఉన్నారు. మా బ్యాచ్‌లో చాలామంది అప్పటికే బీటెక్ చేసినవాళ్ళు. ఆ బీటెక్ ఈ ఎంపికలో ఒకచోట అడ్డం వస్తుంది. అది కింద చెబుతాను.

చాప్టర్ 33: అందరూ తీసుకునేది

2009 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన పోస్ట్ 9/11 జీఐ బిల్లు ఇది. 2001 సెప్టెంబరు 10 తర్వాత మొత్తం 36 నెలలు క్రియాశీల సేవ చేసి, గౌరవప్రదమైన డిశ్చార్జితో బయటికి వస్తే నూరు శాతం వర్తిస్తుంది. 90 రోజులే చేసినవాళ్ళకు 50 శాతం. మధ్యలో ఉన్నవాళ్ళకు సేవాకాలాన్ని బట్టి మెట్లు మెట్లుగా పెరుగుతుంది.

నూరు శాతం ఉంటే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో స్థానిక విద్యార్థి కట్టే ఫీజు మొత్తం వీఏ నేరుగా కాలేజీకి కడుతుంది. మీరు వేరే రాష్ట్రం నుంచి వచ్చినా ప్రభుత్వ కాలేజీ మీ దగ్గర స్థానిక ఫీజే తీసుకోవాలి. ప్రైవేటు కాలేజీలకు ఏటా ఒక పరిమితి ఉంటుంది. 2025-26లో అది 29,900 డాలర్ల పైచిలుకు. ఆ పైన ఫీజు ఉంటే ఎల్లో రిబ్బన్ ఒప్పందం ఉన్న కాలేజీలు కొంత భరిస్తాయి, అంతే మొత్తం వీఏ కలుపుతుంది. అయితే ఏ కాలేజీ ఎన్ని సీట్లకు, ఎంతవరకు ఒప్పుకుందో ముందే అడగాలి. పుస్తకాలకు ఏడాదికి 1,000 డాలర్ల వరకు ఇస్తారు.

అసలు ఆకర్షణ గృహభత్యం. మీరు ఒంటరివారైనా, భార్యాబిడ్డలున్న ఈ-5 సార్జెంటుకు ఆ ఊళ్ళో ఎంత ఇస్తారో అంత ఇస్తారు. లెక్క మీ ఇంటి చిరునామాతో కట్టరు, మీరు క్లాసుకు వెళ్ళే క్యాంపస్ పిన్‌కోడుతో కడతారు. అందుకే న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కో లాంటి చోట్ల నెలకు 4,000 డాలర్లు దాటుతుంది, చిన్న ఊళ్ళలో అందులో సగం కూడా ఉండకపోవచ్చు.

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, చదువు భారం సగానికి మించితేనే భత్యం వస్తుంది. 12 క్రెడిట్లు పూర్తి భారమైతే, 6 క్రెడిట్లు తీసుకున్నవారికి ఒక్క డాలరు కూడా రాదు. 7 తీసుకుంటే 58 శాతం అవుతుంది, దాన్ని 60కి సర్దుతారు, భత్యంలో 60 శాతం వస్తుంది. ఒక్క క్రెడిట్ తేడాతో నెలకు వెయ్యి డాలర్లకు పైగా పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. రెండోది, క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే దేశ సగటులో సగమే ఇస్తారు, అంటే నెలకు 1,100 డాలర్ల పైచిలుకు. ఒక్క క్లాసైనా గదిలో కూర్చుని వినేది ఉంటే క్యాంపస్ రేటు వర్తిస్తుంది. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకు వారానికి ఒక సాయంత్రం క్లాసు కష్టమే. అయినా ఆ ఒక్క సాయంత్రం ఇంటి అద్దె తెచ్చిపెడుతుంది.

సెమిస్టర్ల మధ్య సెలవుల్లో భత్యం రాదు. డిసెంబరు, జనవరి, ఎండాకాలం నెలలకు ముందే కొంత పక్కన పెట్టుకోవాలి.

చాప్టర్ 30: పాతదని తోసేయకండి

మాంట్‌గోమరీ జీఐ బిల్లు అంటే చాలామందికి గుర్తొచ్చేది శిక్షణ రోజుల్లో జీతంలోంచి నెలకు 100 చొప్పున ఏడాదిపాటు కోసిన 1,200 డాలర్లు. ఇది కాలేజీకి ఏమీ కట్టదు. పూర్తి భారంతో చదివితే నెలకు ఇంత అని మీ చేతికే ఇస్తుంది. మూడేళ్ళు, ఆ పైన సేవ చేసినవారికి ఇప్పుడు అది 2,400 డాలర్లు దాటింది. ఫీజు, అద్దె, పుస్తకాలు అన్నీ అందులోంచే. సేవ ముగిసిన పదేళ్ళలోపు వాడుకోవాలి. చాప్టర్ 33కు మాత్రం, 2013 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ బయటికి వచ్చినవారికి గడువు లేదు.

పైకి చూస్తే 33 ముందు 30 నిలవదు. కానీ ఈ లెక్క వేసి చూడండి. ఒకరు ఏడాదికి 2,500 డాలర్ల ఫీజున్న కమ్యూనిటీ కాలేజీలో పూర్తిగా ఆన్‌లైన్‌లో చదువుతున్నారు. చాప్టర్ 33 కింద ఫీజు వీఏ కడుతుంది. తొమ్మిది నెలల భత్యం సుమారు 9,900, పుస్తకాలకు 1,000 వస్తాయి. పుస్తకాలు కొన్నాక చేతిలో మిగిలేది 9,900. చాప్టర్ 30 కింద తొమ్మిది నెలలకు 21,600 వస్తాయి. అందులోంచి ఫీజు 2,500, పుస్తకాలకు 1,000 తీసేసినా 18,100 మిగులుతాయి. అదే మనిషి ఖరీదైన నగరంలో క్యాంపస్‌కు వెళ్ళి, ఏడాదికి 12,000 ఫీజున్న విశ్వవిద్యాలయంలో చదివితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది, చాప్టర్ 30 తీసుకున్నవారి చేతిలో మిగిలేది అంతంతమాత్రం.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళు, డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను, హేజల్‌వుడ్ చట్టాన్ని కూడా కలిపి చూడాలి. టెక్సస్ నుంచి సైన్యంలో చేరినవారికి అక్కడి ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ గంటల వరకు ఫీజు మినహాయింపు ఇస్తుంది. అద్దెకు, పుస్తకాలకు ఏమీ ఇవ్వదు. చాప్టర్ 33లో ఫీజుకే ప్రత్యేకించిన భాగంతో దాన్ని కలపడానికి పరిమితులున్నాయి. చాప్టర్ 30 మీ చేతికి వచ్చే డబ్బు కాబట్టి, హేజల్‌వుడ్‌తో ఫీజు మాఫీ చేయించుకుని 30 డబ్బును జీవనానికి వాడుకునే వీలుంది. ఇలాంటి సాయాలు చాలా రాష్ట్రాల్లో వేర్వేరు రూపాల్లో ఉన్నాయి. మీ రాష్ట్రం సంగతి కనుక్కోకుండా 30ని వదులుకోవద్దు.

వదులుకోవడం అని ఎందుకంటున్నానంటే, ఒకే సేవాకాలంతో 30, 33 రెండింటికీ అర్హత ఉన్నవారు సాధారణంగా 33 దరఖాస్తులో 30ని వదులుకుంటున్నట్టు రాసి ఇవ్వాలి. ఆ మాట వెనక్కి తీసుకోలేరు. ఆ గడిలో టిక్కు పెట్టడానికి నాకు అర నిమిషం పట్టింది. రెండు వేర్వేరు సేవాకాలాలు చేసి రెండు పథకాలకూ విడివిడిగా అర్హత సంపాదించినవారి సంగతి వేరు. 2024 ఏప్రిల్ 16న రూడిసిల్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, అలాంటివారు దేన్నీ వదులుకోనక్కరలేదని, 48 నెలల పరిమితి లోపల రెండూ వాడుకోవచ్చని తీర్పు ఇచ్చింది. సైన్యం వదిలి, మళ్ళీ చేరి, రెండోసారి బయటికి వచ్చినవాళ్ళు తమ డీడీ-214 కాగితాలు (సేవ ముగిసినప్పుడు సైన్యం ఇచ్చే డిశ్చార్జి పత్రాలు) రెండూ ముందు పెట్టుకుని ఈ తీర్పు తమకు వర్తిస్తుందేమో వీఏని అడగాలి.

33 పూర్తిగా వాడేసినవారికి పాత 1,200 డాలర్లలో తమ వాటా తిరిగి వస్తుంది. అంత చిన్న మొత్తం కోసం చివరి నెలలను గబగబా ఖర్చు చేయకండి. కారణం తర్వాతి భాగంలో ఉంది.

చాప్టర్ 31: ఎవరూ ముందు చెప్పనిది

దీని పేరులో చదువు అనే మాటే లేదు, మొన్నటిదాకా వృత్తి పునరావాసం, ఉపాధి అని ఉండేది, 2020 నుంచి మాజీ సైనికుల సన్నద్ధత, ఉపాధి అని మారింది. అందుకే చాలామంది ఇది కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళ కోసం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి సేవలో వచ్చిన వైకల్యానికి వీఏ 10 శాతం రేటింగ్ ఇచ్చినా దరఖాస్తు పెట్టవచ్చు. 20 శాతం, ఆ పైన ఉండి, ఆ వైకల్యం మీ ఉపాధికి అడ్డమవుతోందని వీఏ కౌన్సెలర్ నిర్ణయిస్తే అర్హత వస్తుంది. 10 శాతమే అయితే ఆ అడ్డంకి తీవ్రంగా ఉండాలి. మోకాలి నొప్పి, నడుము నొప్పి, చెవిలో హోరు లాంటివాటికి రేటింగ్ ఉన్నవాళ్ళు మనలో ఎంతోమంది.

ఇది ఫీజుకు పరిమితి పెట్టదు. పుస్తకాలు, కంప్యూటర్, కోర్సుకు కావలసిన సామగ్రి కూడా కొనిస్తుంది. 48 నెలల వరకు సాగుతుంది. దీని సొంత జీవనభత్యం తక్కువ, కుటుంబం లేనివారికి నెలకు 800 డాలర్ల దరిదాపు. అయితే మీ ఖాతాలో చాప్టర్ 33 అర్హత ఒక్క రోజైనా మిగిలి ఉంటే, చాప్టర్ 31లో చదువుతూనే 33 స్థాయి గృహభత్యం ఎంచుకోవచ్చు. అప్పుడు ఖర్చయ్యేవి చాప్టర్ 31 కింద ఉన్న నెలలు, చాప్టర్ 33 కింద ఉన్నవి కదలవు. 33ని సున్నా చేసుకుని వచ్చినవారికి ఈ తలుపు మూసుకుపోతుంది. నెలలను గబగబా ఖర్చు చేయవద్దని పైన అన్నది అందుకే.

ఇంతకంటే ముఖ్యమైనది వరస. 2021 ఏప్రిల్‌లో వీఏ తన పద్ధతి మార్చుకుంది. ముందు 31 వాడి ఆ తర్వాత 33కు వస్తే, 31లో గడిపిన కాలాన్ని 33లోంచి తగ్గించదు. ముందు 33 వాడి తర్వాత 31కి వస్తే మాత్రం, వాడిన నెలలు 31 వాళ్ళ 48లోంచి పోతాయి. ఆ ఏడాది ఆగస్టులోనే నేను క్లాసులో చేరాను. అప్పటికే నాకు మోకాలికి, వినికిడికి కలిపి 30 శాతం రేటింగ్ ఉంది. ఉత్తరం సొరుగులో ఉంది, 31 అనే మాట మాత్రం నాకు తెలియదు. 2023 సెప్టెంబరులో, మా క్యాంపస్‌లోని మాజీ సైనికుల గదిలో కాఫీ పోసుకుంటుంటే పక్కనున్న నేవీ ఆయన అడిగాడు, "రేటింగ్ ఉండి 33 ఎందుకు ఖర్చు చేస్తున్నావు?" అని. ఆ రాత్రే దరఖాస్తు పెట్టాను. మిగిలిన చదువు 31 కింద సాగింది. 33లో 17 నెలలు ఇంకా నా పేరు మీద ఉన్నాయి. 36 ఉండవలసినవి. ఇప్పటికే నెలలు ఖర్చు చేసినవారిని వెనకటి తేదీ నుంచి 31లో చేర్చుకుని ఆ నెలలు తిరిగి జమ చేసే ఏర్పాటు కూడా ఉంది. కౌన్సెలర్ ఒప్పుకోవాలి. నాకు దక్కలేదు, దక్కినవాళ్ళను చూశాను. మొదటి సమావేశంలోనే అడగండి.

ఇక బీటెక్ సంగతి. చాప్టర్ 31 మీకు నచ్చిన చదువు చదివించే పథకం కాదు, తగిన ఉద్యోగంలో నిలబెట్టే పథకం. చేతిలో ఇంజనీరింగ్ డిగ్రీ, వెనక ఐటీ అనుభవం ఉంటే "మీకు అడ్డంకి ఎక్కడుంది?" అని కౌన్సెలర్ అడుగుతాడు. ఆ ప్రశ్నకు సిద్ధపడి వెళ్ళండి. నాది సివిల్. నిర్మాణం జరిగే చోట రోజంతా నిచ్చెనలు ఎక్కి దిగే మోకాలు నాకు లేదని వైద్యుడి నివేదికతో చూపించాను, అకౌంటింగ్ చదువుకు ఒప్పుకున్నారు. కూర్చుని చేసే పనికి ఇప్పటికే తగిన డిగ్రీ ఉన్నవారికి నా సలహా: 31 దరఖాస్తు పెట్టండి, పెట్టినందుకు నెలలేమీ పోవు. కానీ దాన్నే నమ్ముకుని ఏడాది వృథా చేసుకోకండి. కాదంటే ఎంఎస్‌కో ఎంబీఏకో చాప్టర్ 33 వాడుకోండి. రెండేళ్ళ మాస్టర్స్‌కు 18 నెలలు చాలు, ఏమి చదువుతున్నారని అక్కడ ఎవరూ ప్రశ్నించరు.

పిల్లల కోసం దాచడం

మన ఇళ్ళలో మొదట వచ్చే ఆలోచన ఇదే, నాకెందుకు, పిల్లవాడికి పనికొస్తుంది అని. చాప్టర్ 33ని భార్యకో, భర్తకో, పిల్లలకో బదిలీ చేయవచ్చు, కానీ ఆ అభ్యర్థన సైన్యంలో ఉండగానే పెట్టాలి. సాధారణంగా ఆరేళ్ళ సేవ పూర్తై, ఇంకో నాలుగేళ్ళు చేస్తానని ఒప్పుకోవాలి. బయటికి వచ్చాక బదిలీ లేదు. కాబట్టి బదిలీ చేయకుండా బయటికి వచ్చినవారు పిల్లల పేరుతో నెలలు దాచుకోవడంలో అర్థం లేదు, మీరే చదువుకోండి. ఇంకా సేవలో ఉన్నవారు మాత్రం కాగితం ఇప్పుడే పెట్టండి. మీ చదువుకు సేవలో ఉండగా దొరికే ట్యూషన్ అసిస్టెన్స్ క్రెడిట్‌కు 250 డాలర్ల వరకు ఇస్తుంది. అది ఉండగా జీఐ బిల్లు నెలలు ముట్టుకోవద్దు.

చేరాక జరిగేవి

ఏ చాప్టర్ తీసుకున్నా ఫాఫ్సా, అంటే ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి సాయానికి పెట్టే దరఖాస్తు, నింపండి. మాజీ సైనికులను అందులో స్వతంత్ర విద్యార్థులుగా లెక్కిస్తారు, తల్లిదండ్రుల ఆదాయం అడగరు. జీఐ బిల్లు డబ్బుకు పన్ను లేదు, ఫాఫ్సాలో ఆదాయంగా చూపనక్కరలేదు. తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ వస్తే, 2025-26లో గరిష్ఠంగా 7,395 డాలర్లు, కాలేజీకి బాకీ ఏమీ లేకపోతే అది మీ చేతికే వస్తుంది. ఫీజుకు మాత్రమే అని రాసి ఇచ్చే స్కాలర్‌షిప్ అయితే వీఏ అంత తగ్గించి కడుతుంది. ఇచ్చేవారితో మాట్లాడి ఆ మాట తీయించగలిగితే తీయించండి. సైనిక శిక్షణకు క్రెడిట్లు ఇచ్చే జేఎస్‌టీ పత్రాన్ని కాలేజీకి పంపడం మరవకండి.

క్లాసు వదిలేయడం దగ్గర నేను దెబ్బతిన్నాను. మొదటి ఏడాది ఒక క్లాసు మధ్యలో వదిలాను, ఏమీ కాలేదు. మొదటిసారికి ఆరు క్రెడిట్ల వరకు వీఏ మినహాయిస్తుందని, అది ఒక్కసారికే అని నాకు తెలియదు. రెండో ఏడాది నాలుగు క్రెడిట్ల గణితం వదిలేశాను. 12 కాస్తా 8 అయ్యాయి, భత్యం 70 శాతానికి పడింది. రెండు నెలల తర్వాత అప్పు నోటీసు వచ్చింది. భత్యంలో తేడా వీఏకి, ఫీజులో తేడా కాలేజీకి. సెమిస్టర్ మొదటి రోజు నుంచీ లెక్క కట్టారు. చివరిదాకా హాజరై పరీక్ష తప్పితే వీఏ తిరిగి అడగదు, వదిలేస్తే అడుగుతుంది. అనారోగ్యమో, ఇంట్లో మరణమో, ఉద్యోగ వేళలు మారడమో కారణమైతే ఆధారాలు జతచేసి రాయండి, ఒప్పుకుంటారు. వదిలే ముందు రోజు కాలేజీలో మన హాజరును వీఏకి ధ్రువీకరించే అధికారి దగ్గరికి వెళ్ళి, దీనివల్ల నేను ఎంత కట్టాలి అని అడగండి.

ప్రతి నెలాఖరున ఫోనుకు వీఏ సందేశం వస్తుంది, ఇంకా చదువుతున్నారా అని. చాప్టర్ 33 వాళ్ళు వరుసగా రెండు నెలలు జవాబు ఇవ్వకపోతే భత్యం ఆగిపోతుంది. ఒక్క మాట పంపితే చాలు.

చివరి సెమిస్టర్‌కు డిగ్రీ పూర్తికి ఏడెనిమిది క్రెడిట్లే మిగిలితే, మిగతావి ఏ క్లాసులతోనైనా నింపి పూర్తి భారం చేసుకోనిస్తారు. ఆ ఒక్క సెమిస్టర్‌కే ఈ వెసులుబాటు. ఆ నేవీ ఆయన తన చివరి ఐదు క్రెడిట్లకు స్పానిష్, ఈత తీసుకున్నాడు. గృహభత్యం నూటికి నూరు శాతం వచ్చింది.